కోర్టులో అక్కలు లేరు

ఆ ఏడాది కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఛాంపియన్ అవుతుందని తమకు ముందే తెలుసునని తర్వాత చాలామంది చెప్పారు. ప్రిన్సిపాల్ మేడమ్‌కు తెలుసట. కోచ్‌కు తెలుసట. క్యాంటీన్ ఆవిడకూ, బస్సు డ్రైవరుకూ కూడా తెలుసట. తెలియనిది కత్తెర ఒక్కతెకే. ఈ జట్టు ఓడిపోతుందని సీజన్ మొదలైన రోజు నుంచీ ఆమె చెబుతూనే వచ్చింది. ప్రతి మ్యాచ్ ముందూ చెప్పింది. ప్రతి మ్యాచ్‌లోనూ జట్టు గెలిచింది. అయినా మాట మార్చలేదు. జోస్యం చెప్పేవాళ్ళలో అంత నిజాయితీ అరుదు.

కత్తెర అన్న పేరు ఆమెకు రెండు వైపుల నుంచీ వచ్చింది. అమ్మ దర్జీ. ఇంటి ముందు గది నిండా కుట్టుమిషన్లు, గుడ్డపీలికలు, సుద్దగీతలు. అదొక కారణం. రెండో కారణం నోరు. కాలేజీలో చేరిన కొత్తలో ఒక సీనియర్ ఆమెను ఏడిపించబోయి, ఆమె తిరిగి అన్న ఒక్క మాటకు ఆ వారమంతా క్యాంటీన్ వైపు రావడం మానేసింది. ఆ మాట ఏమిటో ఇప్పుడెవరికీ గుర్తులేదు, పేరు మాత్రం మిగిలింది.

కిందటేడు దాకా జట్టుకు ఆమే కెప్టెన్. సెలవుల్లో ప్రాక్టీసు చేస్తూ ఎగిరి దిగేటప్పుడు తానొక వైపు తిరిగింది, కుడి మోకాలు ఇంకో వైపు తిరిగింది. డాక్టరు ఎక్స్‌రే లైటుకు ఎదురుగా పట్టుకుని, “ఒక్క ఏడాది ఆడకమ్మా, తర్వాత నీ ఇష్టం” అన్నాడు. తర్వాత అంటూ ఏమీ లేదని ఆయనకేం తెలుసు? అది ఆమెకు కాలేజీలో ఆఖరు సంవత్సరం.

కోచ్‌ను అందరూ విజిల్ సార్ అనేవారు. విజిల్ ఊదడం కన్నా నమలడం ఎక్కువ. ఆయనకు ఆట గురించి మూడు మాటలు వచ్చు: ఫోకస్, ఎఫర్ట్, టీమ్. గెలిచినా ఓడినా ఆ మూడింటినే వరస మార్చి వాడేవాడు. “నువ్వు బెంచీ మీదుంటే చాలమ్మా, పిల్లలకు ధైర్యం” అని ఆమెను జట్టులో ఉంచాడు. ధైర్యం ఇవ్వడమంటే ఏమిటో మొదటి వారంలోనే తెలిసిపోయింది. నీళ్ళ సీసాలు నింపడం, తువ్వాళ్ళు అందించడం, కాళ్ళకు స్ప్రే కొట్టడం. పెళ్ళికూతురుగా రావలసిన ఇంటికి వంటమనిషిగా వచ్చినట్టుంది అనుకుందామె. అనుకుని ఊరుకోలేదు, అందరూ వినేలా అంది కూడా. అమ్మాయిలు నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు.

ఒకరిని చులకన చెయ్యాలంటే వాళ్ళకన్నా కాస్త ఎత్తున కూర్చోవాలి. కత్తెర కూర్చున్నది గోడవారగా ఒక కాలు ఊగే బెంచీ మీద. ఎత్తు చూపులోనే తెచ్చుకోవలసి వచ్చింది. నిచ్చెన అనే పొడుగు పిల్ల బంతి కోసం చేతులు చాస్తే, బట్టలారేసే తీగలా ఉందనుకునేది. విజిల్ సార్ చప్పట్లు కొడితే, దోమల్ని చంపుతున్నాడనుకునేది. అలా అనుకున్న ప్రతిసారీ లోపల ఒక చిన్న చల్లదనం కలిగేది. ఆ చల్లదనం ఎక్కువసేపు ఉండేది కాదు. అందుకని వెంటనే ఇంకొకరిని వెతుక్కోవలసి వచ్చేది.

ఒక్కదాన్ని మాత్రం ఆమె చులకన చెయ్యలేకపోయేది. కోర్టులో వినిపించే పిలుపులు. ఎందుకంటే అవి ఆమెవే.

ఏ జట్టయినా ఎత్తులు వేసేటప్పుడు నంబర్లు పిలుస్తుంది. ఒకటో నంబరంటే ఇలా పరిగెత్తాలి, మూడో నంబరంటే అలా. ఈ జట్టుకు నంబర్లు అచ్చిరాలేదు. అవతలివాళ్ళు రెండుసార్లు వింటే పట్టేసేవారు, ఇవతలివాళ్ళు ఇరవైసార్లు విన్నా మరిచిపోయేవారు. కెప్టెనైన కొత్తలో కత్తెర విసిగిపోయి ఒకరోజు బంతి నేలకేసి కొట్టింది.

“మీకు మూడో నంబరు గుర్తుండదు గానీ, మూడో మేనత్త ఆడపడుచు మొగుడు ఏ ఉద్యోగం చేస్తాడో గుర్తుంటుంది. సరే, ఇక నుంచి చుట్టరికాలే పిలుద్దాం.”

అలా మొదలైంది. ‘వదిన’ అంటే అవతలి పిల్లకు ఎదురొచ్చి దారికడ్డంగా నిలబడటం. ‘బావ’ అంటే ఎవర్నీ అడక్కుండా నేరుగా లోపలికి వచ్చెయ్యడం. ‘మామయ్య’ అంటే బంతి ఇస్తానని చెయ్యి చాచి, ఇవ్వకపోవడం. ‘మేనత్త’ అంటే బంతిని బయట నుంచే ఒకరి చేతిలోంచి ఒకరికి చుట్టూ తిప్పడం. ‘తోడికోడళ్ళు’ అంటే ఇద్దరు పక్కపక్కనే పరిగెత్తాలి, ఒకరినొకరు చూడనట్టుండాలి. ఒక్కసారి చెబితే చాలింది, ఎవరూ మరిచిపోలేదు. కోర్టు నిండా “వదినా!”, “మామయ్యా!” అన్న కేకలు వినలేక ఒక రెఫరీ ఆట ఆపి, “మీరంతా ఒకే ఇంటివాళ్ళామ్మా?” అని అడిగాడు.

వాటన్నిటిలోకీ ‘అక్క’ వేరు. ఆ పిలుపు వినగానే నలుగురు గోలగోలగా బుట్ట కిందికి పరిగెత్తాలి. అందరికన్నా వెనక, మూడు పాయింట్ల గీతకు అవతల ఒకతె మిగలాలి. తనకేం పట్టనట్టు నిలబడాలి. బంతి ఆమెకు రావాలి, ఆమె అక్కణ్ణుంచే కొట్టాలి. “ఇంట్లో అందరూ అరుచుకుంటుంటే మూలన నిలబడి, చివరికి పని చేసేదెవరు? అక్కే కదా” అని చెప్పింది కత్తెర. వెనక మిగిలేది ఎప్పుడూ తనే. ఆ దూరం నుంచి బుట్టలో వెయ్యగలిగింది జట్టులో మరొకతె లేదు.

దాంతోపాటు ఒక రూలు పెట్టింది. జూనియర్లకు సీనియర్లను అక్కా అని పిలవడం అలవాటు. ఆట మధ్యలో ఎవతైనా “అక్కా, బంతియ్యి” అంటే మొత్తం తారుమారవుతుంది. “బయట ఎన్ని వరసలైనా కలుపుకోండి. కోర్టులో అక్కలు లేరు. పేరు పెట్టి పిలవండి, తిట్టి పిలవండి, అక్కా అని మాత్రం అనకండి.”

ఇప్పుడామె లేదు గనక ఆ ఎత్తూ లేదు. సీజన్‌లో మిగతా చుట్టాలందరూ పలికారు. అక్క పలకలేదు.

ఆమె స్థానంలోకి వచ్చినది రెండో సంవత్సరం పిల్ల. పేరు పిచ్చుక, పేరుకు తగ్గట్టే కత్తెర భుజం దాకా కూడా రాదు. కొత్త జెర్సీలు వచ్చేసరికి సీజన్ అయిపోయేలా ఉందని, కత్తెర జెర్సీనే ఆ పిల్లకు సరిచెయ్యమని విజిల్ సార్ చెప్పాడు. సరిచేసేదెవరు? కత్తెర వాళ్ళమ్మ.

ఒక ఆదివారం పొద్దున పిచ్చుక ఇంటికి వచ్చింది. ఆ జెర్సీ వేసుకుని ముందు గది మధ్యలో నిలబడితే, కొయ్యకు తగిలించిన సంచీలా ఉంది. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆ పిల్ల చుట్టూ తిరుగుతూ నడుం దగ్గరా చంకల దగ్గరా గుడ్డ మడిచి పట్టింది. కత్తెర గుమ్మంలో నిలబడి చూసింది. తన ఒంటి కొలత ఎంత మేరకు అనవసరమో అమ్మ వేళ్ళు లెక్కగట్టి చూపిస్తున్నట్టుంది.

“అక్కా, మీకేం బాధగా లేదు కదా?” అంది పిచ్చుక, కదలకుండా, కళ్ళు మాత్రం ఇటు తిప్పి.

“నేను నీకు అక్కనెప్పుడయ్యాను?”

“అంటే… సీనియర్ కదా అని…”

“మా అమ్మకి నేనొక్కదాన్నే. నాకు చెల్లెళ్ళెవరూ లేరు. నన్ను అక్కా అనకు.”

“మరి ఏమనాలండీ?”

“ఏమీ అనకు. నాతో నీకేం పని?”

పిచ్చుక తల ఊపింది. జెర్సీ మెడ దగ్గర ఒక సూది గుచ్చుకున్నట్టుంది, మొహం కాస్త ముడుచుకుని మళ్ళీ మామూలైంది. ఆ పిల్ల వెళ్ళాక అమ్మ సూదులు డబ్బాలో పోసి, “గుడ్డ కొయ్యలేదే. లోపలికి మడిచి పొడుగు కుట్టు వేశాను. విప్పితే మళ్ళీ నీ కొలతకు వస్తుంది” అంది.

“ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు” అని అమ్మ మిషన్ మీదికి వంగింది.

పిచ్చుక మాట నిలబెట్టుకుంది. అక్కా అనలేదు. కానీ నీళ్ళు కావలసినప్పుడు ఏదో ఒకటి అనాలి కదా. మరుసటి ప్రాక్టీసులో బెంచీ వైపు వచ్చి, కాసేపు నోరు తెరిచి మూసి, చివరికి, “ఏమండీ…” అంది.

అమ్మాయిలందరూ నేల మీద పడి దొర్లారు. “ఒసే, మొగుణ్ణి పిలిచినట్టు పిలుస్తోందే!” అని నిచ్చెన కడుపు పట్టుకుంది. “ఏమండీ, కూరలు తెచ్చారా!” అని ఇంకొకతె. కత్తెర గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చుంది. తిరగలేదు. ఆ పిలుపుకు తిరగకూడదని అప్పుడే పంతం పట్టింది. ఆ తర్వాత పిచ్చుకకు ఏం కావాలన్నా ఎదురుగా వచ్చి నిలబడవలసిందే.

ఇక గెలుపుల సంగతి. మొదటి మ్యాచ్‌లో అవతలి జట్టులో సగం మందికి జ్వరం. రెండో మ్యాచ్‌కు అవతలివాళ్ళ బస్సు ఆలస్యమై, వాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకోకుండానే కోర్టులోకి దిగారు. ఇంకో మ్యాచ్‌లో అవతలి మంచి ప్లేయరు వరసగా ఫౌళ్ళు చేసి బయటికొచ్చి కూర్చుంది. సెమీఫైనల్‌లో నిచ్చెన కళ్ళు మూసుకుని వేసిన ఫ్రీత్రోలు రెండూ పడ్డాయి. గుడ్డెద్దు చేలో పడితే మేసే గడ్డి మేస్తుంది. అంతమాత్రాన దానికి వ్యవసాయం వచ్చనుకోవాలా? విజిల్ సార్ మాత్రం ప్రతిసారీ, “చూశావామ్మా ఎఫర్ట్!” అన్నాడు.

“చూశాను సార్. అవతలివాళ్ళ జ్వరం బాగా ఎఫర్ట్ పెట్టింది.”

ఆయన నవ్వేసేవాడు. చులకన అర్థం కానివాణ్ణి చులకన చెయ్యడం కన్నా నీరసమైన పని లేదు.

తనకేం కావాలో కత్తెరకు బాగా తెలుసు. ఈ జట్టు ఓడిపోవాలి. ఓడితేనే తాను లేని లోటు కనిపిస్తుంది. గెలిచినకొద్దీ తన అవసరం లేదని తేలిపోతోంది. ఒక మనిషి మూడేళ్ళు అక్కడ ఉండి ఏం చేసినట్టు? ఈ ఆలోచన నీచమైనదని ఆమె తన దగ్గర దాచుకోలేదు. నీచమైన ఆలోచనలు అందరికీ వస్తాయి. వాటి కళ్ళలోకి చూసే ఓపిక తనకు మాత్రమే ఉందని, అందులోనూ ఒక గొప్ప చూసుకుంది.

ఆమెను నిజంగా విసిగించింది పిచ్చుక చూపు. ఏ తప్పు చేసినా ఆ పిల్ల కోచ్ వైపు చూడదు, బెంచీ వైపు చూస్తుంది. బంతి జారితే చూపు, పాస్ తప్పితే చూపు. తిడతారేమో అన్నట్టూ, తిడితే బాగుండునన్నట్టూ. కత్తెర వెంటనే తలెత్తి పైకప్పు లైట్లు చూసేది. ఆ సీజన్‌లో ఆ లైట్లలో ఏవి వెలుగుతాయో, ఏవి మిణుకుమంటాయో ఆమెకు కంఠతా వచ్చింది.

ఫైనల్‌కు ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. మొదటి వరసలో కూర్చుని, పక్కనున్న లెక్చరర్‌ను, “మనవాళ్ళది ఏ రంగు?” అని అడిగింది. చెప్పాక, “అవతలివాళ్ళకు కూడా ఒక బంతి ఇవ్వచ్చు కదా, అంత కొట్టుకోవడమెందుకు” అని తన హాస్యానికి తానే మురిసింది.

అవతలి జట్టుకు ఈసారి జ్వరాలు లేవు. ఆరోగ్యంగా, పొడుగ్గా, నోరు మూసుకుని ఆడారు. ఆట చివరికి వచ్చేసరికి మనవాళ్ళు ఒక్క పాయింటు వెనకబడ్డారు. విజిల్ సార్ టైమవుట్ అడిగాడు. అమ్మాయిలు చుట్టూ గుమిగూడారు. చెమట, స్ప్రే, తడిసిన సాక్సుల వాసన. ఆయన విజిల్ నోట్లోంచి తీశాడు.

“టీమ్,” అన్నాడు. కాసేపు ఆగి, “ఫోకస్” అన్నాడు.

మిగిలిన మాట కూడా అనేసి విజిల్ మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. పిచ్చుక కత్తెర వైపు చూసింది. ఏం పిలవాలో చెప్పమన్నట్టు. కత్తెరకు తెలుసు. అవతలివాళ్ళు బుట్ట కింద గుమిగూడి కాపలా కాస్తున్నారు, బయట ఖాళీ ఉంది. ‘మేనత్త’ పిలిచి చుట్టూ తిప్పాలి, అంతే. నాలుక చివరి దాకా వచ్చింది. తువ్వాలు మడుస్తూ పైకప్పు చూసింది. నాలుగో లైటు మిణుకుమంటోంది.

ఆట మొదలైంది. పిచ్చుక “మామయ్యా!” అని పిలిచి, ఇస్తున్నట్టు చెయ్యి చాచింది. అవతలివాళ్ళకూ మామయ్యలుండే ఉంటారు. ఒక్కతె కూడా నమ్మలేదు. ఇద్దరు పొడుగు పిల్లలు మీదికొచ్చి ఆ పిల్లను పక్కగీత దగ్గరికి, సరిగ్గా బెంచీ ముందుకు నెట్టుకొచ్చారు. చేతులు నాలుగు, గోడలా. బంతిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని పిచ్చుక వెనక్కి వంగింది. ఆ మొహం కత్తెరకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. జెర్సీ పక్కకుట్టు ఒకటి పుటుక్కున తెగింది.

“అక్కా!”

అది కేక కాదు. నీళ్ళలో పడ్డ పిల్ల అరిచే అరుపు.

ముగ్గురు అమ్మాయిలు ఆ మాట వినీ వినగానే, కాళ్ళు నేర్చుకున్నది కాళ్ళు మరిచిపోవు గనక, గోలగా బుట్ట కిందికి పరిగెత్తారు. వాళ్ళ వెంట అవతలివాళ్ళూ పరిగెత్తారు. వెనక ఒక్క నిచ్చెన మిగిలింది. ఎత్తులో భాగంగా కాదు, ఆయాసంతో. నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. ‘అక్క’ అంటే అందరికన్నా వెనక ఉన్నది అని ఆమెకు గుర్తుంది. ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అప్పుడు, అక్క తానేనన్న సంగతి ఆ మొహంలో నెమ్మదిగా తేటపడింది. పిచ్చుక చేతులు దొరికిన సందులోంచి బంతిని ఎటో విసిరాయి. బంతి వెళ్ళి నిచ్చెన చేతుల్లో పడింది. నిచ్చెన కళ్ళు మూసుకుని పైకి విసిరింది.

బంతి బోర్డుకు గట్టిగా కొట్టుకుని, రింగు మీద అటూ ఇటూ దొర్లి, ఇష్టం లేని సంబంధానికి తలూపినట్టు లోపలికి పడింది. బజర్ మోగింది.

ఆ తర్వాతి గోలంతా ఎలాగూ ఉంటుంది. ఎవరూ చూడనిది ఒకటి జరిగింది. “అక్కా” అన్న మాట చెవిన పడగానే కత్తెర లేచి నిలబడింది. చెడిపోయిన మోకాలి మీదే బరువంతా వేసి, రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది. ఆమె నోట్లోంచి “ఏమ్మా?” అన్న మాట వచ్చింది. చుట్టూ ఉన్న గోలలో అది ఎవరికీ వినపడలేదు. ఆమెకు వినపడింది. ఆ గొంతు ఎవరిదా అని ఒక క్షణం ఆశ్చర్యపోయింది కూడా.

విజిల్ సార్ కోర్టు మధ్యలోకి పరిగెత్తి గెంతుతున్నాడు. “అదీ ప్లే! ఏడాదంతా దాచి ఉంచాను! ఫైనల్ కోసమే దాచాను!” ఆ మాట అంటున్నప్పుడే ఆయన దాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. మొహంలోనే కనిపించింది. అబద్ధం పుట్టి, తప్పటడుగులు వేసి, నిలదొక్కుకునేదంతా కత్తెర కళ్ళ ముందే జరిగింది. ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలోంచి లేచి, “మనం గెలిచాం! మనం గెలిచాం!” అని అందరి చేతులూ ఊపింది. ఆవిడ మనంలో ఎవరెవరున్నారో గానీ, బాస్కెట్‌బాల్ అయితే లేదు.

తిరుగు బస్సులో అమ్మాయిలు వెనక సీట్లలో పాటలు పాడుతున్నారు. పిచ్చుక ముందు వైపు ఒంటరిగా, నడుం దగ్గర చిరిగిన జెర్సీని చేత్తో పట్టుకుని కూర్చుంది. కత్తెర వెళ్ళి పక్కన కూర్చుంది. అలా కూర్చోవడం అదే మొదటిసారి. పిచ్చుక కిటికీ వైపు జరిగింది.

“ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు. అప్పుడు నువ్వు ప్లే పిలిచావా?”

“ఎప్పుడండీ?”

“నాటకాలాడకు.”

పిచ్చుక చిరుగు వైపు చూసుకుంది. “ప్లే అసలు గుర్తే లేదండీ. ఈ ఏడాది అది మనం ఒక్కసారీ వెయ్యలేదుగా.”

“మరి?”

“దెబ్బ తగిలితే అమ్మా అంటాం కదండీ. అలా వచ్చేసింది.”

“అయితే అమ్మా అనాల్సింది.”

“అమ్మ అక్కడ లేదుగా.” ఆ పిల్ల తలెత్తలేదు. “మీరున్నారు. మిమ్మల్నే పిలిచాను. వద్దన్నారని తెలుసు. సారీ అండీ.”

బస్సు ఒక మలుపు తిరిగింది. కిటికీలోంచి దుకాణాల బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతున్నాయి, కత్తెర ఒక్కటీ చదవలేదు. లోపల ఏదో కదిలింది. అది సంతోషమేనని పోల్చుకోవడానికి కాస్త టైము పట్టింది. పోల్చుకోగానే రోత పుట్టింది. ఇంతా చేసి తనకు కావలసింది ఇదా? ఏడాదంతా ఇంత ఎత్తున కూర్చుని, ఇంతమందిని ఏకిపారేసి, చివరికి ఒక పిల్ల నోట్లోంచి జారిపడిన ఒక్క మాట కోసమా?

“కుట్టు తెగింది, మా అమ్మకియ్యి, వేస్తుంది” అని లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే కాలేజీ పెద్ద హాల్లో సన్మాన సభ పెట్టారు. స్టేజీ మీద కప్పు, దాని వెనక ప్రిన్సిపాల్ మేడమ్, ఆవిడ పక్కన విజిల్ సార్, ఆ రోజుకు మెడలో విజిల్ లేకుండా. లేకపోయేసరికి పెదాలు దేన్నో వెతుక్కుంటున్నాయి. మేడమ్ చాలాసేపు మాట్లాడింది. ఆటను జీవితంతో పోల్చింది, జీవితాన్ని కాలేజీతో పోల్చింది, కాలేజీని తనతో పోల్చబోయి మొహమాటంతో ఆగింది. తర్వాత విజిల్ సార్ రహస్య వ్యూహం గురించి చెప్పాడు. “ఆ ప్లేని తయారుచేసింది మన పాత కెప్టెన్. దాన్ని ఎప్పుడు వాడాలో నిర్ణయించింది నేను” అని, కత్తెరను పైకి రమ్మన్నాడు. “రామ్మా. అది ఎలా ప్రాక్టీసు చేశామో నువ్వే చెప్పు.”

ఆమె మెట్లెక్కుతూ ఉండగానే అంతా చూసుకుంది. మైకు ముందు నిలబడి ఒక్క నిజం చెబితే చాలు. అది ప్లే కాదు, పొరపాటు. ఈయన ఆ ప్లే సంగతే మరిచిపోయాడు. కొట్టిన పిల్ల కళ్ళు మూసుకుంది. మీ కప్పు ఆయాసం వల్ల వచ్చింది. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన విందు అది. వడ్డించి ఉంది, చెయ్యి కడుక్కుని కూర్చోవడమే తరువాయి.

మైకు పట్టుకుంది. ఎదురుగా వందల మొహాలు. మొదటి వరసలో జట్టు. పిచ్చుక కళ్ళెత్తి ఆమె వైపే చూస్తోంది. అదే చూపు.

నిజం చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఒక పిల్ల భయపడి అక్కా అని పిలిచిందని చెప్పాలి. అప్పుడు వీళ్ళేం చేస్తారు? చప్పట్లు కొడతారు. మేడమ్ కళ్ళద్దాలు తీసి కళ్ళొత్తుకుంటుంది. ‘మన కాలేజీలో ఆప్యాయత’ అని గోడ మీద రాయిస్తుంది. విజిల్ సార్ తన మూడు మాటలకు నాలుగోది చేర్చుకుంటాడు. ఆ పిలుపు ఈ నోళ్ళన్నిటిలో పడి నలిగి, క్యాంటీన్ దాకా వెళ్ళి, జోకై తిరిగొస్తుంది. వీళ్ళకా? వీళ్ళకెందుకివ్వాలి?

“సార్ చెప్పింది నిజమే,” అంది కత్తెర. “అది ప్లే. బాగా ప్రాక్టీసు చేసిందే. పిచ్చుక కరెక్టుగా టైము చూసి పిలిచింది. అంతకన్నా ఏం లేదు.”

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లను చూస్తే ఆమెకు జాలేసింది, ఇంతమందికి ఇంత తేలిగ్గా టోపీ పెట్టవచ్చా అని. ఆ గెలుపు రుచి నాలుక మీద ఉండగానే మొదటి వరస వైపు చూసింది. పిచ్చుక కూడా చప్పట్లు కొడుతోంది, అందరితో పాటే, అంతే మర్యాదగా. తల వంచుకుని ఉంది. బస్సులో చెప్పిన మాట అవతలి మనిషి నమ్మలేదని, లేదా నమ్మి కూడా అక్కర్లేదని అనుకుందని ఆ పిల్లకు అర్థమైంది. ఇంకెలా అర్థమవుతుంది? కత్తెర దాచిపెట్టింది మేడమ్ దగ్గర నుంచీ, విజిల్ సార్ దగ్గర నుంచీ. కానీ ఆ పిలుపు ఎవరిదో ఆ పిల్లకే కనపడకుండా దాచింది.

సభ అయ్యాక హాలు బయట వరండాలో అమ్మాయిలు కప్పుతో ఫొటోలు తీసుకుంటున్నారు. కత్తెర కాస్త దూరంగా స్తంభానికి ఆనుకుని, మోకాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడింది.

“ఏమండీ.”

వెనక నుంచి వచ్చింది. నిచ్చెన అక్కడి నుంచే, “అదిగో, ఇల్లాలు వచ్చింది!” అని కేకేసింది, అందరూ నవ్వారు. ఏడాదంతా ఆ పిలుపుకు తిరగని కత్తెర తిరిగింది.

పిచ్చుక చేతిలో జెర్సీ ఉంది, ఉతికి, చక్కగా మడిచి. “మీ జెర్సీ అండీ. చిరుగు కుట్టారు అమ్మగారు. పొడుగు కుట్లు విప్పేస్తే మళ్ళీ మీకు సరిపోతుందన్నారు.”

కత్తెర దాన్ని అందుకోలేదు. చెప్పవలసింది ఒకటుంది. అది నోటి దాకా వచ్చింది, చాలా చిన్న మాట. ఇన్నాళ్ళూ ఆ నోటికి అలవాటైన దారి ఇంకొకటి.

“ఉంచుకో,” అంది. “వచ్చే ఏడాది ఓడిపోయేటప్పుడు వేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.”

పిచ్చుక జెర్సీని మళ్ళీ గుండెకు దగ్గరగా తీసుకుంది. తాను అనని మాట కూడా వింటుందేమోనని కత్తెర ఆ మొహం వైపే చూసింది, ఈసారి పైకప్పు వైపు చూడకుండా. వరండాకు పైకప్పు ఉంది, లైట్లు కూడా ఉన్నాయి.

“సరేనండీ,” అంది పిచ్చుక.